దారం మేస్త్రి

అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, దాంతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మ్యూజిక్ సిస్టమ్‌లు అమ్మే షాపులో అందరికీ అతను దారం మేస్త్రి. కొన్నవాళ్ళ ఇంటికి వెళ్ళి స్పీకర్లు బిగించి రావడం అతని పని. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక తెల్లదారం ఉండ ఉండేది. కుర్చీలో మనిషి తల ఆనే చోట దారం కొస పట్టుకుని, ఎడమ స్పీకర్ దాకా లాగి అక్కడ ముడి వేసేవాడు. అదే దారాన్ని కుడివైపుకు లాగి, ముడి ఎక్కడికి వస్తే అక్కడికి రెండో స్పీకర్‌ని జరిపేవాడు. అంగుళం తేడా వచ్చినా ఒప్పుకునేవాడు కాదు. కొలిచే టేపు ఉండగా ఈ దారమేమిటని ఎవరైనా అడిగితే, "టేపయితే మా బామ్మర్ది ప్రతి ఇంట్లోనూ ఒకటి మర్చిపోయి వస్తాడండీ" అనేవాడు.

ఆ బావమరిది కూడా అదే షాపులో ఉండేవాడు. వ్యాను నడపడం, పెట్టెలు మోయడం, దారి పొడుగునా వాగడం అతని పనులు. నోట్లో నువ్వుగింజ నానదని పేరు.

రెండు మూలల్లో రెండు పెట్టెలు పెడితే, పాడే మనిషి మధ్యలో గోడ దగ్గర నిలబడి పాడుతున్నట్టు ఎందుకుంటుందని కొన్నవాళ్ళు అడిగేవాళ్ళు. మేస్త్రి ఆ ప్రశ్న కోసం కాచుకుని ఉండేవాడు.

"అక్కడెవరూ లేరండీ. రెండు పెట్టెలూ ఒకే గొంతుని, ఒకే మోతాదులో, ఒకేసారి పంపిస్తాయి. మీ రెండు చెవులకీ సమానంగా అందుతుంది. సమానంగా అందింది కాబట్టి మనిషి ఎదురుగా ఉన్నాడని బుర్ర తీర్మానించేసుకుంటుంది. అంతే."

"మరి అటూ ఇటూ నడుస్తున్నట్టుంటాడే?"

"ఎడమ పెట్టెకి తగ్గించుకుంటూ, కుడి పెట్టెకి పెంచుకుంటూ పోతారండీ. పెట్టెలు కదలవు, వాటాలు మారతాయి. అన్నదమ్ముల ఆస్తి లాగా."

నమ్మనివాళ్ళ కోసం ఒక రికార్డింగు పెట్టేవాడు. షాపు వెనక గోడౌన్లో రెండు మైకులు పెట్టి, బావమరిది చేత బూట్లు తొడిగించి, ఎడమ నుంచి కుడికి నడిపించి తనే పట్టింది అది. ఖాళీ గదిలో బూట్లు టకటకమంటూ ఈ గోడ నుంచి ఆ గోడకి వెళ్ళిపోతుంటే పెద్దవాళ్ళు కూడా నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. మేస్త్రికి జీతం కన్నా ఆ తెరుచుకున్న నోళ్ళే ముఖ్యం. ఈ మాట పొగడ్తగా చెప్పడం లేదు. ఇంట్లో పెళ్ళాం ఈ విషయమై చాలాసార్లు తలబాదుకుంది.

యాభై ఒకటో ఏట ఒక పొద్దున్న నిద్ర లేచేసరికి అతని కుడి చెవిలో జోరీగ దూరినట్టు రొద. మధ్యాహ్నానికి రొద ఆగింది, దాంతోపాటే వినికిడీ ఆగింది. స్నానం చేస్తుంటే నీళ్ళు పోయాయనుకున్నాడు. పెరట్లోకి వెళ్ళి తల వంచి ఒంటికాలి మీద గెంతాడు. నూనె పోశాడు, దూది పెట్టాడు, అలా పదకొండు రోజులు గడిపాడు. పన్నెండో రోజున డాక్టరు చూసి, నరం దెబ్బతిందనీ, మొదటి రోజుల్లోనే వచ్చి ఉంటే ఏమైనా చేయగలిగేవాళ్ళమనీ చెప్పాడు. చెవి మీద బతికే మనిషి చెవి విషయంలో చేసిన నిర్వాకం అది.

ఒక చెవితో పాట వినపడుతుంది, మాటా వినపడుతుంది. కానీ ఏ శబ్దమూ ఒక చోట ఉండదు. అన్నీ ఎడమ చెవి పక్కనే పోగుపడతాయి. నడిచే బూట్లు నడవవు, ఉన్నచోటే చప్పుడు చేస్తాయి. సంగతి తెలిస్తే షాపు యజమాని ఆ రోజే బిగింపు పని మాన్పించి కౌంటర్లో కూర్చోబెడతాడు. ప్లగ్గులూ వైర్లూ అమ్ముతూ బతకడమంటే మేస్త్రికి చచ్చినదాంతో సమానం. అందుకే డాక్టరు చీటీ మడిచి పర్సు అడుగున దాచి, ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు.

ఇది మోసం కాదా అంటే మోసమే. కాకపోతే దాని కోసం అతను పడ్డ పాట్లు నిజాయితీగా బతికేవాళ్ళు కూడా పడరు. దారం ఎలాగూ ఉంది. దానికి తోడు కొన్నవాళ్ళ కళ్ళు చూడటం నేర్చుకున్నాడు. కుర్చీలో కూర్చున్న మనిషి ఎదురుగా నిలబడి బూట్ల రికార్డింగు పెట్టేవాడు. శబ్దం ఎటు నడిస్తే కళ్ళు అటు నడుస్తాయి. తెలియకుండానే నడుస్తాయి. పాట పెడితే చూపు గోడ మీద ఒకచోట నిలబడుతుంది. అది మధ్యలో నిలబడితే పని అయిపోయినట్టే. నిలబడకుండా కళ్ళజోడు పోగొట్టుకున్న మనిషిలా వెతుకుతుంటే ఎక్కడో తేడా ఉంది. అలా మూడేళ్ళు నెట్టుకొచ్చాడు. ఒక్క ఇంటి నుంచీ ఫిర్యాదు రాలేదు.

అప్పుడు టీచరమ్మ ఫోన్ చేసింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి సంగీతం చెప్పి రిటైరైన మనిషి. తన అన్నయ్య వాడిన పాత స్పీకర్లు ఉన్నాయనీ, కొత్త ఆంప్లిఫయర్ కొని వాటికే బిగించాలనీ అడిగింది. మేస్త్రి, బావమరిది వెళ్ళి తలుపు కొట్టారు. చేతికర్రతో, నల్లకళ్ళద్దాలతో ఆవిడ తలుపు తీసింది. పుట్టుకతోనే చూపు లేదు. మేస్త్రి చెయ్యి జేబులో దారం ఉండ మీదికి పోయింది.

బావమరిది పెట్టెలు దించి వ్యాను దగ్గరికి వెళ్ళిపోయాడు. మేస్త్రి దారం పట్టాడు, స్పీకర్లు జరిపాడు, వెనక ఎర్రరంగు పూసిన చోట ఎర్రతీగా, నల్లరంగు పూసిన చోట నల్లతీగా బిగించాడు. పాట పెట్టాడు. తన ఒంటి చెవికి గొంతు కాస్త పలచగా అనిపించింది గానీ, పాతవి కదా అని సరిపెట్టుకున్నాడు. తర్వాత బూట్ల రికార్డింగు పెట్టి ఆవిడ మొహంలోకి చూశాడు. నల్లద్దాల్లో అతని మొహమే కనిపించింది. ఆవిడ మాత్రం ఒక్కో అడుగుకీ తల ఊపుతోంది. మేస్త్రి అది మెచ్చుకోలనుకున్నాడు. సంగీతం చెప్పినవాళ్ళు బండిచక్రం చప్పుడుకైనా తాళం వేస్తారని అతనికి తట్టలేదు. బతుకు జీవుడా అనుకుంటూ, ఆవిడ నోరు తెరిచేలోపే దారం చుట్టేసుకుని బయటపడ్డాడు.

మర్నాడు షాపు తెరిచేసరికి యజమాని ఫోన్ పెట్టేసి అరుస్తున్నాడు.

"చెవిటివాడి ముందు శంఖమూదినట్టుందయ్యా మీతో! పాడే మనిషి మధ్యలో లేడట, గదినిండా చెల్లాచెదురుగా ఉన్నాడట. సంగీతం చెప్పిన మనిషి ఇంట్లోనా మీ ప్రతాపం? వాళ్ళన్నయ్య ఒకసారి పొరపాటు చేసినప్పుడు ఇలాగే వినపడిందట, తీగలు తిరగేసి కలిపారని ఆవిడే చెప్తోంది. ఎవరు కలిపింది?"

మేస్త్రి నోరు తెరిచేలోపే బావమరిది ముందుకొచ్చాడు.

"నేనేనండీ. తొందర్లో అటుదిటైనట్టుంది."

"నిన్ను తీగల జోలికి ఎవడు వెళ్ళమన్నాడు? రేపట్నుంచి నువ్వు రావద్దు. వ్యానుకి ఇంకో మనిషిని చూసుకుంటా."

పుట్టి బుద్ధెరిగాక బావమరిది నోరు మూసుకుని నిలబడటం అదే మొదటిసారి. మేస్త్రి అతని వంక చూశాడు, తర్వాత తన చేతుల వంక చూసుకున్నాడు. భయం వేసింది. దాని కన్నా ఎక్కువ సిగ్గేసింది.

"వాడు తీగ ముట్టుకోలేదండీ. కలిపింది నేను. నాకు కుడి చెవి వినపడదు. మూడేళ్ళయింది."

యజమాని కుర్చీలో కూర్చున్నాడు. "మూడేళ్ళా? మరి ఇన్ని ఇళ్ళలో ఎలా బిగించావయ్యా?"

మేస్త్రి కళ్ళ సంగతి చెప్పాడు. యజమాని కరిగిపోయాడని చెప్తే బాగుంటుంది గానీ కరగలేదు. వ్యాపారం చేసేవాడు.

"రేపు నువ్వొక్కడివే వెళ్ళు. వీడు వద్దు. ఆవిడ బాగుందని ఫోన్ చేస్తే ఇప్పట్లాగే ఉంటావు. చెయ్యకపోతే కౌంటర్లో కూర్చుంటావు. వ్యానుకి ఇంకో మనిషన్న మాట మర్చిపో, వీడే ఉంటాడ్లే."

బయటికి రాగానే బావమరిదికి నోరొచ్చింది. "ఎందుకు చెప్పావు బావా? నేనెక్కడైనా వ్యాను తోలుకుని బతికేవాణ్ణిగా."

"నీకెప్పుడు తెలుసురా?"

"మొదటి నెల్లోనే. కుడివైపు నుంచి పిలిస్తే పలకట్లేదని అక్క చెప్పింది. మా అమ్మకి తెలుసు, మా ఆవిడకి తెలుసు, పేపరు వేసేవాడికి కూడా తెలుసు. రహస్యమని నువ్వొక్కడివే అనుకున్నావు."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. ఆ పిల్లి కూడా మూడేళ్ళు తాగి ఉండదు. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నాక అతనికి పెళ్ళాం మీద కోపమొచ్చింది.

"తెలిసినప్పుడు అడగొచ్చుగా?"

"మీరే చెప్తారేమోనని చూశాను" అందామె అతని ఎడమ పక్కన కూర్చుని.

పొద్దున్నే టీచరమ్మ ఇంటికి వెళ్ళి, గుమ్మంలోనే ఉన్న మాట చెప్పేశాడు. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"మొన్న నేను గుమ్మం దగ్గర నుంచి పిలిస్తే నువ్వు వంటింట్లోకి వెళ్ళావు. కొత్తిల్లు కదా అనుకున్నాను. సరే, పని చూడు బాబూ."

పని చూడటానికి చెవి అక్కర్లేదు. ఆ సంగతి అతనికి ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. కళ్ళు చూసి సరిపెట్టుకునే సుఖం మరిగి మర్చిపోయాడు, అదే అతని అసలు తప్పు. టార్చిలైటు బ్యాటరీ ఒకటి తీశాడు. స్పీకర్ ముందు గుడ్డ ఊడదీసి, లోపల గిన్నెలా ఉన్న కాగితం మీద వేలు ఆనించి, వెనక ఎర్రరంగు చోట బ్యాటరీ ప్లస్సు, నల్లరంగు చోట మైనస్సు తాకించాడు. కుడి స్పీకర్ కాగితం వేలిని ముందుకు తోసింది. ఎడమది వేలి కింద నుంచి లోపలికి జారిపోయింది. ఎప్పుడో రిపేరు చేసినవాడెవడో లోపల తీగలు తిరగేసి అతికించి, పైన ఎర్రరంగు యథాప్రకారం పూసి వదిలేశాడన్నమాట. రెండు స్పీకర్లూ ఆగిపోయిన బండిని తోసే ఇద్దరిలా కలిసి తోయాలి. ఇవి రంపం కోసే ఇద్దరిలా ఒకటి తోస్తుంటే ఒకటి లాగుతున్నాయి. అలాంటప్పుడు మధ్యలో మనిషి నిలబడడు.

ఎడమ స్పీకర్ తీగలు మార్చాడు. దారంతో మళ్ళీ కొలిచాడు. కొలిచాక ఇంకోసారి కొలిచాడు.

"టీచరమ్మా, ఈసారి తల ఊపకండి. గొంతు ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి" అన్నాడు.

పాట మొదలైంది. ఆవిడ చెయ్యెత్తి చూపుడువేలు చాపింది. మేస్త్రి కుర్చీ వెనక్కి వెళ్ళి, వంగి, ఆ వేలి వెంబడి చూశాడు. రెండు స్పీకర్ల నట్టనడుమ, గోడ మీద ఒక మేకు ఉంది. వేలు సరిగ్గా మేకు మీద ఆగింది. పాట అయ్యేదాకా కదల్లేదు.

ఆవిడ ఫోన్ తెప్పించుకుని యజమానితో రెండు ముక్కలు మాట్లాడింది. "ఇప్పుడు సరిగ్గా ఉంది. మీ మేస్త్రి పని వచ్చినవాడు." ఫోన్ పెట్టేసింది.

మేస్త్రి సంచీ సర్దుకుంటుంటే, "ఉండు. నువ్వు కూర్చో ఈ కుర్చీలో" అంది.

తడుముకుంటూ బీరువాలోంచి ఒక డిస్కు తీసి పెట్టింది. ఆవిడ రిటైరైన రోజు బడి స్టేజి మీద పట్టిన రికార్డింగట. పిల్లలు ఒక్కొక్కరే ఎడమవైపు మెట్లెక్కి వచ్చి, "వెళ్ళొస్తాను టీచర్" అని చెప్పి కుడివైపు దిగిపోయారట.

"నాకు వినిపిస్తాయండీ, ఎటు వెళ్తున్నారో తెలీదంతే" అన్నాడు మేస్త్రి.

"తెలుసు. చెయ్యిలా ఇవ్వు."

ఆవిడ అతని వెనక నిలబడి, భుజం మీదుగా వంగి, కుడి చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని ముందుకు చాపింది. మొదటి అడుగులు వినపడ్డాయి. ఎప్పట్లాగే ఎడమ చెవి పక్కన, ఉన్నచోటే. కానీ చెయ్యి ఎడమ స్పీకర్ దగ్గర బయల్దేరి, నెమ్మదిగా గోడ పొడుగునా వెళ్ళి, కుడి స్పీకర్ దాటి దిగిపోయింది. ఇంకో పిల్లాడు వచ్చాడు. వాడు పరుగెత్తినట్టున్నాడు, చెయ్యి విసురుగా వెళ్ళింది. తర్వాత వచ్చిన పిల్ల మధ్యలో ఆగిపోయింది. ఏడుస్తోందని అతనికి వినపడింది. ఎక్కడ నిలబడి ఏడుస్తోందో చేతికి తెలిసింది. మూడేళ్ళ తర్వాత ఒక శబ్దం ఎక్కడుందో అతనికి తెలిసింది. మేస్త్రి ఏడ్చేశాడు. ఆవిడకి కనపడదు కాబట్టి కళ్ళు తుడుచుకోలేదు.

పిల్లలందరూ దిగిపోయాక ఆవిడ అతని చెయ్యి వదిలి, ఆపడానికి మీట కోసం తడుముకుంది.

"అమ్మా, ఏమీ అనుకోకపోతే" అన్నాడు మేస్త్రి, చాపిన చెయ్యి అలాగే ఉంచి, "మొదట్నుంచి ఇంకొక్కసారి."