శివగంగ బెట్టలో నా చేతికి అందని నీళ్ళు

మా చిన్నప్పుడు శివగంగ బెట్టకు, అదే ఆ కొండకు, పోవడమంటే రెండు రోజుల పని... తెల్లారకముందే బెంగళూరులో బస్సెక్కి, దాబస్‌పేటలో దిగి, అక్కడినుంచి ఎద్దులబండి. రాత్రికి కొండ కింద సత్రంలో పడక. చాపలు, బియ్యం, చింతపండు, లాంతరు... అన్నీ మోసుకుపోవాల్సిందే.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బండిలో కూర్చున్నానే గానీ ప్రాణం కుదురుగా లేదు. ఎద్దు కాలు జారితే? లాంతరు గాజు పగిలితే? అన్నిటికన్నా పెద్ద భయం అమ్మ గురించి... అమ్మకు ఐదో నెల. నా తర్వాత పుట్టిన ఇద్దరూ నెల తిరగకుండానే పోయారు. ఈ బిడ్డయినా నిలవాలని మా అవ్వ, నాయనను కన్నతల్లి, మొక్కుకుని అందరినీ బయల్దేరదీసింది.

ఆ బెట్ట మీద ఒక గుహ ఉంది. అందులో రోలు నోరంత బిలం. ఒళకల్లు తీర్థం అంటారు. కోరిక తలచుకుని చెయ్యి లోపలికి పెట్టాలి. నీళ్ళు అందితే తీరుతుంది... అందకపోతే లేదు. బిలం ఒకటే, ఒకరికి అందుతాయి, వెనకాల వాళ్ళకు అందవు.

కడుపుతో ఉన్న మనిషి కొండెక్కకూడదని అమ్మను సత్రంలోనే ఉంచారు, తోడు నాయన. పైకి పోయింది అవ్వా, నేనూ.

“నీ చెయ్యే మీయమ్మ చెయ్యి అనుకో. ఆ తడి చెయ్యి తెచ్చి కడుపు మీద పెడితే సాలు,” అంది అవ్వ.

“అందకపోతే అవ్వా?”

“నోట్లో మంచి మాట రాదా నీకు? ఎప్పుడు సూడు కాకి కూతే!”

మెట్లంటే అప్పుడు చాలాచోట్ల బండకు చెక్కిన గుంటలే. ఒక చేత్తో అవ్వ కొంగు పట్టుకున్నాను. ఇంకో చేతిలో మజ్జిగ చెంబు, మూతికి గుడ్డ కట్టి... కోతులు లాక్కోకుండా చూసే పని నాది. కింద చూస్తే కళ్ళు తిరుగుతాయి, పైన చూస్తే కొస కనపడదు. అవ్వ మాత్రం నాలుగు మెట్లకొకసారి నిలబడి నశ్యం పీల్చి మళ్ళీ ఎక్కేది.

గుహలో ఒక్క నూనె దీపం. వెనకనుంచి తోపులాట. చెంబు పక్కన పెట్టి, బండకు బోర్లా పడి, భుజందాకా చెయ్యి దూర్చాను. చల్లగా రాయి తగిలింది. వేళ్ళు చాచాను... ఇంకా చాచాను... రాయే.

“నీరు సిక్తా మగూ?” అన్నాడు పూజారి కన్నడంలో. నీళ్ళు దొరికాయా పాపా అని.

“అందినాయా మే?” వెనకనుంచి అవ్వ.

మోకాలికి చెంబు తగిలింది. మూతిగుడ్డ వదులై ఉంది. బిలంలోంచి తీసిన చెయ్యి ఎప్పుడు చెంబులో ముంచానో నాకే తెలియదు... పైకెత్తితే దీపం వెలుగులో బొట్లు రాలాయి.

“అందినాయవ్వా.”

అవ్వ ఏడ్చేసింది. నా వేళ్ళు కళ్ళకద్దుకుని, తడి ఆరకూడదని గుడ్డపేలిక గట్టిగా చుట్టింది.

నశ్యం పీల్చే ముక్కు గనక అవ్వకు వాసన తెలియలేదు. కోతికి తెలిసింది. ఒక ముసలి కోతి నా చెయ్యే చూస్తూ మెట్టుమెట్టుకూ వెంట దిగింది.

“నీకేం పనప్పా మాతో, పో!” అని అవ్వ కర్ర ఊపుతూనే ఉంది.

నాకు ఏడుపొస్తోంది. తీర్థం దగ్గర అబద్ధమాడాను... ఈ బిడ్డ కూడా పోతే నావల్లే పోతుంది.

సత్రంలో అమ్మ బియ్యం ఏరుతోంది. “అందినాయి తల్లీ! చెయ్యి పెట్టించుకో!” అంది అవ్వ గుమ్మంలోంచే. అమ్మ గుడ్డ విప్పింది. వంగింది. ఆగింది. ఒక్కసారి నా కళ్ళలోకి చూసింది.

“తడి ఉండాదా?” అని అవ్వ.

“ఉండాది అత్తా... సల్లగా ఉండాది.”

నా చెయ్యి తన కడుపు మీద పెట్టుకుని, పైన తన చెయ్యి అదిమి పట్టుకుంది. తర్వాత బావి దగ్గరికి తీసుకుపోయి నా వేళ్ళు రుద్ది రుద్ది కడిగింది.

“అమ్మా, నేను...”

“అంత ఎత్తు ఎక్కి దిగినావు. కాళ్ళు నొస్తుండాయా?” అంది. అంతే.

ఆ తర్వాత నాలుగు నెలలు నాకు అన్నం సయించలేదు. తమ్ముడు పుట్టాడు. నెల తిరిగేదాకా ఉయ్యాల పక్కనే కూర్చుని వాడి ఊపిరి చూసుకునేదాన్ని. నెల తిరిగింది... ఏడాది తిరిగింది... ఇప్పుడు వాడికి అరవై దాటాయి. ఫోన్లో తుమ్మితే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. ఒరేయ్ తమ్ముడూ, ఇది చదువుతావు కదా... నీకు చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది.

అమ్మ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నా కూతురి కాన్పప్పుడు నేను తిండి మానేసి ఇల్లంతా తిరుగుతుంటే గ్లాసుడు మజ్జిగ నా చేతిలో పెట్టింది. “తాగు. మన ఇంటి తీర్థమే,” అంది. నవ్వలేదు కూడా.

ఇప్పుడు కొండ దాకా కార్లు. రూములు ఫోన్లోనే తీసుకుంటారు. మొన్న శనివారం మా మనవడు బూట్లేసుకుని స్నేహితులతో ఎక్కాడు, రాత్రికి అక్కడే ఉండి ఆదివారం దిగాడు. వాడు ఫోన్ ఎత్తేదాకా నాకు కూర్చున్నచోట కుదురు లేదు. ఒళకల్లులో నీళ్ళు అందాయట. నిజంగానా అని అడగబోయి ఊరుకున్నాను... వాడూ ఎవరి కోసం పెట్టాడో చెయ్యి.

నాలుగో తరగతితో ఆగిపోయినదాన్ని, తప్పులుంటే మన్నించండి. మీలో ఆ బిలంలో చెయ్యి పెట్టినవాళ్ళుంటే ఒక్క మాట రాయండి... నీళ్ళు అందనివాళ్ళు కిందికి దిగొచ్చి ఇంట్లో ఏం చెప్పారు?