శీను చేతిలో తాళంచెవి

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ ఒకదాని వెనక ఒకటి నిలబెడితే, ఆ వరస వినుకొండ బస్టాండు దగ్గర మొదలై కొండ మీది గుడిదాకా పోతుంది. ఆ వరసకి లీడరుగా ముందు నిలబడేది మాత్రం ఒక బిస్కట్ల డబ్బా. దానితో నేనొక బడిని బాగుచేద్దామనుకున్నాను. ఒక ఆడపిల్ల బడి మానేసేదాకా బాగుచేశాను. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకండి, నవ్వండి. నేను ఏడవాల్సినదంతా అప్పుడే ఏడ్చేశాను.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి ఒకటో రెండో ఏళ్ళయింది. వినుకొండకు పన్నెండు కిలోమీటర్ల అవతల ఒక హైస్కూల్లో సోషల్ మాష్టారుగా కొత్తగా చేరాను. కొత్త మాష్టారికీ కొత్త చీపురుకీ ఊడ్చే ఉత్సాహం ఎక్కువ. దానికి తోడు గుంటూరులో మూడు రోజుల శిక్షణకు పంపారు. "బళ్ళో పిల్లలు పిల్లల్ని ఏడిపిస్తారు. భయపడే పిల్లలు నోరు విప్పి చెప్పరు. వాళ్ళు చెప్పుకోవడానికి ఒక దారి చూపించండి" అన్నారక్కడ. రాసుకుని, కింద రెండు గీతలు గీసుకున్నాను. ఆ తర్వాత ఏదో ముఖ్యమైన జాగ్రత్త కూడా చెప్పారు. సరిగ్గా అప్పుడే పక్కగదిలోంచి పులిహోర వాసన వచ్చింది. నా జీవితంలో చాలా జాగ్రత్తలు ఇలాగే పులిహోర పాలయ్యాయి.

తిరిగొచ్చిన మర్నాడే ఒక బిస్కట్ల రేకు డబ్బా సంపాదించి, మూతకి చీటీ పట్టేంత సందు కోయించి, చిన్న తాళం వేయించాను. హెడ్మాస్టరు గారికి చూపిస్తే, "కానివ్వండి మాష్టారూ, మేకు మాత్రం జాగ్రత్తగా కొట్టండి, గోడ పెచ్చులూడతాయి" అన్నారు. ఎనిమిదో తరగతి గదిలో దాన్ని వేలాడదీసి, గొంతు సవరించుకున్నాను.

"ఎవరైనా మిమ్మల్ని ఏడిపించినా, కొట్టినా, పేర్లు పెట్టి పిలిచినా చీటీ రాసి ఇందులో వెయ్యండి. మీ పేరు రాయనక్కర్లేదు. ప్రతి శనివారం నేను తెరిచి చదువుతాను."

"మరి తాళంచెవి సార్?" అన్నాడు లీడరు శీను, వినయంగా చెయ్యి చాపి.

ఇక్కడ మన బళ్ళ సంప్రదాయం ఒకటి గుర్తుచేసుకోవాలి. సుద్దముక్కలు ఎవరి దగ్గరుంటాయి? లీడరు దగ్గర. డస్టరు? లీడరు దగ్గర. భారతదేశపు మ్యాపు, మాట్లాడినవాళ్ళ పేర్ల పట్టీ, చివరికి మాష్టారి గొడుగు? అన్నీ లీడరు దగ్గరే. చేతిలో ఏదుంటే అది లీడరుకివ్వడం మాష్టార్లకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. నేనూ ఊపిరి తీసుకున్నాను. తాళంచెవి శీను చేతిలో పడింది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అని అందరూ అంటారు. దాన్ని సామెతగా వదిలెయ్యకుండా అమలు చేసిన ఘనత మాత్రం నాది.

మొదటి శనివారం డబ్బా తెరిస్తే మూడు చీటీలున్నాయి.

"మా తరగతిలో అందరం అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళలా ఉన్నాం. ఇట్లు, ఒక విద్యార్థి."

"సోషల్ సారు వచ్చాక మా బళ్ళో ఏడుపు అన్నదే లేదు. ఇట్లు, ఇంకొక విద్యార్థి."

"మా లీడరు శీను చాలా మంచివాడు. ఇట్లు, మరొక విద్యార్థి."

మూడూ ఒకే చేతిరాత, ఒకే ఆకుపచ్చ ఇంకు. మీకు అనుమానం వచ్చిందా? నాకు రాలేదు. తరగతిలో ఐకమత్యం ఎంత ముదిరిందంటే, చేతిరాతలు కూడా కలిసిపోయాయి అని మురిసిపోయాను. వాటిని సోమవారం ప్రార్థనలో బడి మొత్తానికీ చదివి వినిపించాను. ఇలా ఒక వారం కాదు, రెండు నెలలు. నేను చదువుతుంటే ఎనిమిదో తరగతి ఆడపిల్లల వరసలో కోటేశ్వరి అనే పిల్ల రెప్ప వెయ్యకుండా నన్నే చూసేది. పాపం, కదిలిపోయింది అనుకునేవాణ్ణి.

నిజంగానే కదిలింది, బళ్ళోంచే. పత్తి తీతలు ముమ్మరమైన రోజుల్లో ఆ పిల్ల రావడం మానేసింది. ఇంట్లో పనుందేమోలే అనుకుంటూ హాజరుపట్టీలో ఎనిమిది రోజులు గైర్హాజరు వేశాను. తొమ్మిదో రోజు అడిగాను.

"కోటేశ్వరి ఏదిరా?"

"మామ్మగారు విశ్రాంతి తీసుకుంటున్నారు సార్!" అని వెనక బెంచీ నుంచి ఎవడో అరిచాడు. తరగతి గది పైకప్పు లేచేలా నవ్వారు.

"మామ్మగారేంట్రా?"

నవ్వు టక్కున ఆగిపోయింది. "ఏంలేదు సార్, ఊరికే తమాషా" అన్నాడు శీను. వాడు చెప్పిన తీరు చూస్తే, నాకు అర్థమయ్యే తమాషా కాదని తెలిసింది. సాయంత్రం బడి వదలగానే ఆ పిల్ల వాళ్ళ చేలోకి బయల్దేరాను.

కోటేశ్వరీ, వాళ్ళమ్మ అంజమ్మా ఒడి కట్టుకుని పత్తి ఏరుతున్నారు. నేను గట్టు మీద నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టబోయాను.

"ఊరకే నిలబడ్డారేంది సారూ? మాట్టాడేదానికి చేతులు అడ్డమా? ఆ సాలు పట్టుకోండి" అంది అంజమ్మ.

పట్టుకున్నాను. ఎండిన కాయ అంచులు వేళ్ళకు గుచ్చుకుంటున్నాయి. "బడికెందుకు రావట్లేదమ్మా?" అన్నాను.

"కడుపునొప్పి సార్."

"తొమ్మిది రోజుల నుంచా?"

"కడుపునొప్పీ కాదు, కాకరకాయా కాదు" అంది అంజమ్మ. "బడి పేరెత్తితే ఏడుపే. వచ్చే సోమారం నుంచి మా అన్నోళ్ళ మిరపచేలో పనికి పంపిస్తన్నా. బళ్ళో ఏడిచేదానికన్నా చేలో ఏడిస్తే పనన్నా అవుద్ది."

నేను సాలు వదిలేసి ఇటు తిరిగాను. "ఎవరేడిపిస్తున్నారమ్మా? నేను డబ్బా పెట్టాను కదా! ఒక్క చీటీ రాసి వేసుంటే..."

కోటేశ్వరి చెయ్యి ఆగింది. "నాలుగేశాను సార్."

"నాలుగా!"

"ఏసిన రోజే మధ్యాన్నం శీను డబ్బా తెరిచేవాడు. బెంచీ ఎక్కి, నా గొంతు పెట్టి చదివేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. సోమవారం మీరేమో అందరం అన్నదమ్ముల్లా ఉన్నాం అని చదివేవాళ్ళు. మీకు తెలిసే చదువుతున్నారేమో అనుకున్నా సార్."

కంచే చేను మేసిందని అంటారు. నేనైతే కంచెకి కొడవలి కూడా ఇచ్చి, మేసిన ప్రతిసారీ ప్రార్థనలో చప్పట్లు కొట్టించాను. సిగ్గు కోపంగా మారడం ఎంతసేపు!

"వాడి సంగతి నేను చూస్తానమ్మా. మామ్మ అని పేరు పెట్టింది కూడా వాడేగా?"

కోటేశ్వరి వాళ్ళమ్మ వంక చూసింది. వాళ్ళమ్మ పత్తి వంక చూసింది.

"వాడు కాదు సార్."

"మరెవరు? భయపడకుండా చెప్పు."

"చెప్పవే, ఆయనేం చేస్తాడు? మన చేలోనే ఉన్నాడుగా" అంది అంజమ్మ.

"మీరే సార్. తొలి తీతలప్పుడు ఒకరోజు పొద్దున్నే పత్తి ఏరి, అట్టాగే బడికి పరిగెత్తుకొచ్చా. ఆలస్యమైంది. జుట్టుకి పత్తి అంటుకునుంది. ఏమ్మా, ఎనిమిదో తరగతికే తల నెరిసిందే, మామ్మగారికి కుర్చీ వెయ్యండ్రా అన్నారు. అప్పటినుంచి..."

నాకు బాగా గుర్తొచ్చింది. ఆ చమత్కారానికి ఎంత సంబరపడ్డానంటే, స్టాఫ్ రూములో దాన్ని రెండుసార్లు చెప్పుకుని, రెండుసార్లూ అందరికన్నా ముందు నేనే నవ్వాను. నవ్వు నాలుగు విధాల చేటు అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ నాలుగు విధాలూ నాలుగు చీటీలై, నేను వేలాడదీసిన డబ్బాలోనే పడ్డాయి.

"తప్పు నాదేనమ్మా. రేపు బడికి రా" అన్నాను.

"మీరు తప్పన్నారు సార్. వాళ్ళు నవ్వడం మానతారా?"

సోషల్ సిలబస్‌లో దీనికి జవాబు లేదు. "ఆదివారం దాకా చూస్తా సారూ" అంది అంజమ్మ. ఆ రోజు గురువారం.

దారి పొడుగునా శీను వీపు మీద బెత్తం ఎన్ని రకాలుగా ఆడించవచ్చో ఆలోచిస్తూ నడిచాను. ఊరు దగ్గరపడేసరికి ఊహలో ఎత్తిన చెయ్యి దానంతటదే దిగిపోయింది. విత్తనం వేసింది నేను, నీళ్ళు పోసింది వాడు. నీళ్ళు పోసినవాణ్ణి కొట్టే హక్కు విత్తనం వేసినవాడికి ఎక్కడుంది?

శుక్రవారం సాయంత్రం శీనుని ఆపేశాను.

"ఆ నాలుగు చీటీలు ఏవిరా?"

వాడి మొహం సుద్దముక్కలా అయింది. "చింపేశాను సార్."

"ఏం రాసిందో గుర్తుందా?"

"మొత్తం గుర్తుంది సార్" అన్నాడు, నటుడికి ఉండే గర్వంతో.

"అయితే కూర్చుని రాయి. ఆ పిల్ల రాసినట్టే, నేను, నాకు అని."

రెండు వాక్యాలు రాసి తలెత్తాడు. "సార్, ఇందులో పేర్లు లేవుగానీ, ముందుగా ఒక సారు అన్నారు అని ఉంది. అది కూడా రాయమంటారా?"

"రాయి."

"కుర్చీ వెయ్యమన్నది కూడానా సార్?"

"మొత్తం రాయరా!"

ఆ వాక్యం మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. రెండు చీటీలు పరుగుమీద అయ్యాయి. మూడోది నడిచింది. నాలుగో దాంట్లో, "నాకు చదువంటే ఇష్టమే, బడంటేనే భయం" అన్నచోట కలం ఆగిపోయింది.

"ఇది చదివినప్పుడు అందరూ బాగా నవ్వారు సార్."

"నువ్వు?"

"నేనూ నవ్వాను."

"ఇప్పుడు?"

వాడు కలం విదిలించాడు. "ఇంకు రావట్లేదు సార్" అన్నాడు. ఇంకు బాగానే వస్తోంది, కాగితం మీద మచ్చలు పడ్డాయి కూడా.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. శీను వాళ్ళమ్మ సుబ్బాయమ్మ గారి గొంతు సంగతి ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఆవిడ ఒక్కసారి అదిలిస్తే పక్కూరి మేకలు కూడా వెనక్కి తిరిగేవి. ఆవిడకు చదువు రాదు, ఏదైనా కొడుకే చదివి పెట్టాలి.

"వీటిని తీసుకెళ్ళి మీ అమ్మకు చదివి వినిపించు. రాసిందెవరో, ఏడిపించిందెవరో చెప్పకు. చదివి ఊరుకో" అన్నాను. కొరడా లేకుండా కొట్టించే తెలివి నాకే వచ్చిందని ఆ రోజు సుఖంగా నిద్రపోయాను.

శనివారం జనగణమన అయిందో లేదో, గేటు దగ్గర గొంతు వినిపించింది. "సోషల్ సారెక్కడ?"

పరిగెత్తాను. శీను నా వెనకాల దాక్కోబోయాడు. నేను వాడి వెనకాల దాక్కునే వీలుందా అని చూస్తున్నాను.

"ఆ చీటీలు విన్నా సారూ. ఎవరి బిడ్డోగానీ, నాకు అన్నం సయించలా. దాన్ని ఏడిపించినోడెవడో తర్వాత చూద్దాం. ముందు ఆ పేరు పెట్టిన సారెవడో చూపించండి. నిన్న ఆయన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టా!"

అబద్ధం చెప్పడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఎవరికీ రాదు. బళ్ళో తొమ్మిదిమంది మాష్టార్లం. కానీ నా పక్కన శీను, నేనేం చెబుతానా అని నా నోటి వంకే చూస్తున్నాడు.

"ఆ సారు నేనేనండి" అన్నాను.

"మీరా! చదువుకున్నోళ్ళు గదయ్యా!"

"తప్పయిపోయిందండి. మరి ఆ తిట్లు..."

వెనక్కి తీసుకుంటుందేమోనని ఆశపడ్డాను.

"మీ దగ్గరే ఉంచుకోండి" అంది.

అప్పుడు నా పక్కనుంచి సన్నగా వినిపించింది. "అమ్మా, ఏడిపించింది నేనే."

"నాకు తెలుసురా. మూడో చీటీకాడ నీ గొంతు మారింది. నీ అంతట నువ్వు చెబుతావా లేదా అని చూస్తన్నా" అంది ఆ తల్లి. ఆవిడ గొంతు అంత మెల్లగా ఉండగలదని ఆ రోజే తెలిసింది. మరుక్షణం మామూలైపోయింది. "నడవండి ఇద్దరూ!"

హెడ్మాస్టరు గారి వైపు చూస్తే, ఆయన గోడ పెచ్చులు పరీక్షిస్తున్నారు. నడిచాం. ఆ పిల్ల ఎవరో దారిలో శీనే చెప్పాడు.

చేలో సుబ్బాయమ్మ మమ్మల్నిద్దర్నీ కోటేశ్వరి ముందు నిలబెట్టింది. నేను క్షమించమన్నాను. పేరు పెట్టింది నేనేనని సోమవారం ప్రార్థనలో అందరి ముందూ చెబుతానన్నాను. శీను తల వంచుకుని, "ఇంక ఎవరైనా నవ్వితే నేనే ఆపుతా" అన్నాడు.

"ఏం చేయమంటావే వీళ్ళని?" అంది సుబ్బాయమ్మ.

కోటేశ్వరి మా ఇద్దర్నీ పైనుంచి కిందికి చూసింది. తరవాత చేను వంక చూసింది. చాలా రోజుల తర్వాత ఆ మొహంలో నవ్వు మొదలవుతోంది. "ఇంకా రెండు సాళ్ళు మిగిలినయ్. ఏరేస్తే సోమవారం వస్తా" అంది.

వచ్చింది. చెప్పినట్టే ప్రార్థనలో చెప్పాను. ఒకడు కిసుక్కుమనబోతే శీను చూసిన చూపుకి వాడు దగ్గుగా మార్చుకున్నాడు. డబ్బా పీకేశాను. లీడరు పని వారానికొకరికి వంతుపెట్టాను. మధ్యాహ్నం గంటసేపు వరండాలో కూర్చుని, తాళంచెవికి బదులు నా చెవి ఇవ్వడం మొదలుపెట్టాను. మొదట్లో ఎవరూ రాలేదు. తరవాత్తరవాత అన్నం చల్లారిపోయేటంతమంది వచ్చారు.

కాబట్టి పాఠకులారా, మీరందరూ సాక్షులుగా, కుడిచేయి గుండెల మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. పిల్లల జుట్టు, రంగు, నడక, నత్తి, చిరుగుల సంచీ, వీటి మీద ఈ జన్మలో ఇక చమత్కరించను. చమత్కారం మరీ ఆగకపోతే నా మీదే చేసుకుంటాను, సరుక్కి కొదవలేదు. శిక్షణా తరగతుల్లో పులిహోర వాసన వచ్చినా పెన్ను మూయను.

ఇక శీను మీద పగ తీర్చుకోలేదా అంటారా? తీర్చుకున్నాను. ఆ రెండు సాళ్ళలో ఒకటి పొట్టిది, ఒకటి అవతలి గట్టుదాకా పోయేది. పంచింది నేనే.