నంబరు కలిసింది

పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళంతా ఆమెను నంబరమ్మ అంటారు. మొదట్లో వెక్కిరింపుగానే పెట్టిన పేరది. లేత్ షెడ్డులో అరిగిన ఇంజిన్ల లోపలి గొట్టాలు చెక్కి బోరింగ్ చేసుకునే ఆడమనిషి, పాత బండి అమ్మకానికొచ్చిందంటే చాలు, టార్చి పట్టుకుని దాని కిందకి దూరి, బాడీ మీద నంబరూ ఇంజిన్ మీద నంబరూ చదివి, ఆ రెండూ మొదటినుంచీ కలిసే ఉన్నాయో మధ్యలో జతపడ్డాయో తేల్చేది. అలాంటి బండికి విలువంతా అక్కడే. ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడున్న ఇంజినే ఇప్పటికీ ఉంటే కళ్ళకద్దుకుని కొంటారు. మారిందని తెలిస్తే, పైన ఎంత మెరుగు పెట్టినా మొహం చాటేస్తారు. నవ్వినవాళ్ళే కొన్నాళ్ళకి ఆమె చూడందే బయానా ఇవ్వడం మానేశారు.

అలాంటి నంబరమ్మకి, ఆరోజు అక్కవాళ్ళ గేటు గడియ తీయడానికి చెయ్యి రాలేదు.

అమ్మేది బావ. మోకాలు అరిగి క్లచ్ తొక్కలేక, మనసు రాయి చేసుకుని వెన్నరంగు కారుని అమ్మకానికి పెట్టాడు. కొనేది కళ్ళ డాక్టరు. నంబరమ్మ చూసి చెప్తేనే కొంటానన్నాడు.

"మా బావ బండండీ. ఇంకెవర్నైనా పెట్టుకోండి" అని ముందే మొత్తుకుంది.

"తెలిసే అడుగుతున్నానమ్మా. మీ మాట చాలు నాకు" అన్నాడాయన.

అక్కకి ఫోన్ చేసి నసిగింది. "మన పిల్లే చూస్తే అంతకన్నా ఏం కావాలే? వేషాలెయ్యకుండా రా" అంది అక్క. అమ్మ పోయాక జడలు వేసి బడికి పంపిన అక్క. ఆ గొంతుకి ఎదురుచెప్పడం నంబరమ్మకి ఈ వయసులో కూడా చేతకాదు.

కారు షెడ్డులో డాక్టరు అప్పటికే బండి చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాడు. బావ గుడ్డతో అద్దం తుడుస్తున్నాడు, తుడవాల్సిందేమీ లేకపోయినా.

"రండి రండి దొరసానిగారూ! నా బండిని దొంగని పట్టినట్టు పట్టడానికొచ్చారా?"

"దొంగో దొరో అదే చెప్తుంది బావా. ముందు నువ్వు పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డం."

"చూశారా డాక్టరుగారూ, ఈ ఇంట్లో నా విలువ!"

ముగ్గురూ నవ్వారు. అందరికన్నా ముందు ఆమె నవ్వే ఆగిపోయింది.

ఆమెకో అలవాటుంది. ముందు ఇనుము చదవాలి, తర్వాతే కాగితం. కాగితం మీద అంకె ముందే చూస్తే, ఇనుము మీద లేకపోయినా కన్ను దాన్నే చదువుతుందని ఆమె భయం. అందుకే బావ ఇవ్వబోయిన ఆర్సీ పుస్తకం తీసుకోలేదు. పల్చటి కాగితం బాడీ నంబరు మీద పరిచి పెన్సిల్‌తో రుద్దింది. అంకెలు తెల్లగా తేలాయి. లోతు సరిగ్గా ఉంది, వరస సరిగ్గా ఉంది. దీనికి తిరుగులేదు. తర్వాత బండి కిందకి దూరి, ఇంజిన్ మీదా రుద్దింది. అప్పుడు ఆర్సీ అందుకుని, ఆ అంకెల్ని దానితో సరిచూసింది. ఒక్కటి కూడా తేడా లేదు.

"కలిసిందా అమ్మా?" డాక్టరు మెడ చాచాడు.

"కలవక ఎక్కడికి పోతుంది! ఒంటి చేత్తో పెంచుకున్న బండి" అన్నాడు బావ.

ఆమె బొటనవేలు ఇంకా ఆ అంకెల మీదే ఉంది. ఫ్యాక్టరీలో చదును చేసిన ఇనుము మీద దువ్వెనతో గీసినట్టు సన్నటి నిలువు గీతలుంటాయి, వాటిమీద నంబరు కొడతారు. ఇక్కడ ఆ గీతల్లేవు. గ్రైండర్ తిరిగిన వంకర గీరలున్నాయి. పాత నంబరు అరగదీసి, దానిమీద ఈ నంబరు కొట్టారెవరో.



ఎవరో ఏమిటి? బావ ఒకసారి ఇంజిన్ బోరింగ్ చేయించాడు. నాలుగు వీధుల అవతల మరదలి షెడ్డు పెట్టుకుని, బండిని ఎక్కడో ముక్కూమొహం తెలియనివాడికి అప్పగించాడు. "నువ్వు డబ్బు పుచ్చుకోవు, నాకేమో మొహమాటం" అన్నాడు తర్వాత. ఆమెకి మనసు చివుక్కుమంది. పైకి అనడానికి ఆమెకీ మొహమాటమే. అక్కడే ఇంజిన్ బ్లాక్, నంబరుండే ఆ ఇనుప దిమ్మ, పగిలి ఉంటుంది. ఇంకేదో బ్లాక్ పెట్టి, దాని నంబరు అరగదీసి ఈ బండి నంబరు కొట్టి, నవ్వుతూ తాళాలిచ్చి ఉంటారు.

ఊహే కావచ్చు. తేల్చుకోవడానికి ఇంకో చోటుంది. బ్లాక్ అడుగున, పోత పోసినప్పుడే అచ్చుపడిన సంవత్సరం. దాన్ని ఎవరూ మార్చలేరు. ఎవరూ చూడరు కూడా. ఇప్పుడది మందంగా పేరుకున్న మడ్డి కింద ఉంది.

అక్క టీ పళ్ళెంతో వచ్చింది. "చాల్లేవే, ఎంతసేపు దాని కింద? లే, చల్లారిపోతోంది."

లేవచ్చు. నంబరు కలిసిందా అనే కదా ఆయన అడిగింది? కలిసిందంటే అబద్ధం కాదు. డాక్టరు బండి తీసుకుపోతాడు, బావ మీసం దువ్వుకుంటాడు, అక్క రాత్రికి ఉండిపొమ్మంటుంది. చేతిలో కిరసనాయిలు గుడ్డ ఉంది. అది జేబులో పెట్టుకుంటే సరి.

ఆమె గుడ్డ బిగించి పట్టుకుని, మడ్డి తుడిచింది. టార్చి వేసింది. బండి తయారైన రెండేళ్ళకి పోసిన పోత అది.

పైకి లేచింది. డాక్టరు మొహం వెలుగుతోంది.

"కలిసిందా?"

"కలిసిందండీ."

బావ గట్టిగా ఊపిరి వదిలాడు.

"కానీ ఇది ఈ బండి ఇంజిన్ కాదు. దాని నంబరు చెరిపి ఈ నంబరు కొట్టారు. ఇంజిన్ కన్నా బండే రెండేళ్ళు పెద్దది."

అక్క టీ పళ్ళెం పక్కనున్న స్టూలు మీద పెట్టేసింది.

"ఏం కూస్తున్నావే?" బావ మొహం కందిపోయింది. "నేను కొట్టించానంటావా?"

"నీకు తెలీదు బావా. తెలిస్తే నన్ను రానిచ్చేవాడివా?"

డాక్టరు మర్యాదస్తుడు. మళ్ళీ ఫోన్ చేస్తానన్నాడు. చెయ్యడని అందరికీ తెలుసు. గేటు మూసిన చప్పుడయ్యాక అక్క ఆమె దగ్గరికొచ్చింది.

"ఆయన అడిగింది నంబరు కలిసిందా అని. అంతవరకు చెప్తే నీ నోరు అరిగిపోయేదా?"

"రేపు ఆయన ఇంకొకరికి అమ్ముతాడక్కా. ఆ కొనేవాడు కూడా నన్నే పిలుస్తాడు. అప్పుడేం చెప్పను?"

అక్క ముట్టని కప్పులతోనే పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బావ చాలాసేపు బానెట్ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. తర్వాత గోనెపట్టా ఒకటి లాగి, మూలుగుతూ మోకాలు మడిచి, బండి పక్కన నేలమీద ఒరిగాడు.

"ఏదీ, ఎక్కడ?"

ఆమె కూడా పక్కన చతికిలబడి, ఆయన వేలు పట్టుకుని ఆ అంకెల మీద పెట్టింది. ఆయన ఒక్కో అంకే తడిమాడు, గుడ్డివాడు మొహాన్ని తడిమినట్టు. చివరి అంకె దగ్గర వేలు ఆగింది.

"ఇన్నేళ్ళు ఎవడి ఇంజిన్‌నో తుడిచానన్నమాట" అన్నాడు. "నీ దగ్గరికి తెచ్చి ఉంటే..." అని, మిగతాది మింగేశాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఉండాల్సినదానికన్నా గట్టిగా వినిపిస్తోంది. ఇద్దరూ దాన్నే వింటూ, ఎవరు ముందు లేచి లోపలికి వెళ్ళాలో తెలియక, అలాగే నేలమీద ఉండిపోయారు.