సల్లటి బానెట్

గద్వాలల నాకు మంచి పేరుంది. పాత బండి కొనాలంటే జనం ముందుగాల నా షెడ్డుకే తోల్కొస్తరు. నేను సరే అంటే తీస్కుంటరు, తల అడ్డంగ ఊపితే వాపస్ పోతరు. ఆ మంచి పేరును ఏండ్ల సంది మోస్తున్న. మోసి మోసి మెడలు గుంజుతున్నయి.

నువ్వెవరో నాకు తెల్వదు. అందుకే నీకు చెప్తున్న. తెలిసినోళ్లకు చెప్తే మాఫ్ జేస్తరేమో అని భయం. తిడితే తట్టుకుంట. మాఫ్ జేస్తే నాతోటి కాదు.

నాకొక సడ్డకుడున్నడు, నర్సింలు. నా భార్య పద్మ చెల్లెలు సుజాతకు మొగడు. ధరూర్ దిక్కు ఒక చిన్న ఊర్ల సేద్యం చేస్తడు, పత్తి, పల్లి. మంచోడు. నాకు పడనిదే అది.

మా అత్తగారిది శ్రీరంగాపూర్. చిన్నల్లుడు వస్తే ఆ ఇంట్ల కోడి తెగుతది. నేను పోతే పప్పుల నీళ్లు పెరుగుతయి. ఒకపారి దావత్ల మా మామ నలుగురి ముందట అన్నడు, చిన్నల్లుడు మట్టి మనిషి, పెద్దల్లుడు ఆయిల్ మనిషి, ఎంత కడిగినా చేతుల వాసన పోదు అని. అందరు నవ్విండ్రు. నర్సింలు నవ్వలే. తల కిందికేసుకొని తన ముక్క తీసి నా ఇస్తారాకుల ఏసిండు. వాడు గూడ అందరి లెక్క నవ్వి ఉంటే ఆ రోజే మర్శిపోదును. నా మీద జాలి పడ్డడు. ఆ ముక్క ఇప్పటికి నా గొంతులనే ఉంది.

ఆ వానకాలమే వాడు షెడ్డుకొచ్చిండు. నది దిక్కు చేన్లల్ల అంత నల్లరేగడి. వాన పడితే ట్రాక్టరే దిగబడతది, ఆటో సంగతి ఇగ అడుగొద్దు. నాలుగు చక్రాలు గుంజే డీజిల్ పికప్ ఒకటుంటే చేన్ల నుంచి పత్తి సీదా మార్కెట్ కు కొట్టొచ్చని వాని ఆశ. కొత్తది కొనే తాకతు లేదు. పాత బండిని నమ్మొచ్చా లేదా ఎట్ల తెలుస్తది అన్నా, అని అడిగిండు.

చెప్పిన. డీజిల్ బండిని సల్లగున్నప్పుడే చూడాలె. వేడి మీదుంటే ఎంత పాడు ఇంజనైనా ఒక్క సెల్ఫ్ కు లేస్తది. పోంగనే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగుంటే అమ్మెటోడు ముందే తిప్పి పెట్టిండన్నట్టు, ఇగ మాట్లాడకుండ వచ్చెయ్. వాడు బడిపిల్లగాని లెక్క పెదవులు కదిలిస్తూ ఆ మాట మల్ల అనుకున్నడు. అప్పటికి నా మనసుల ఏం లేదు. ఏం లేదనే అనుకుంట. ఉండెనా? నాకే తెల్వదు.

ఆ వారమే వనపర్తి నుంచి ఒకాయన తన పికప్ నా షెడ్డుల పెట్టి, ఎవరన్న ఉంటే అమ్మిపెట్టమన్నడు. చూడనీకె పెండ్లికొడుకు. లోపల రింగులు అరిగి కంప్రెషన్ లేదు. ఒక రాత్రి నిలబడ్డదంటే పొద్దున నలుగురు నూకాల్సిందే. వేడెక్కినంక మాత్రం గుర్రం. ఇంజన్ దించి పని చేయిస్తే బాగయ్యేదే, ఆయనకు ఓపిక లేదు. నర్సింలుకు ఆ సంగతి చెప్పే మనసు నాకు లేదు.

వాడు చూడనీకొచ్చే రోజు పొద్దుగాల్నే, పనోళ్లు రాకముందే షెడ్డుకు పోయిన. గాలి పైపు కాడ పెట్రోల్ గుడ్డ పెట్టి, సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టి, ఎట్లనో లేపిన. బాగ వేడెక్కెదంక తిప్పి బంద్ జేసిన. తర్వాత గోనె సంచులు తడిపి బానెట్ మీద పరిచిన. సంచులు వెచ్చబడితే మల్ల తడిపిన, మల్ల పరిచిన. జ్వరమొచ్చిన పిల్లకు తడిబట్ట ఏసినట్టు, అంత ముద్దుగ. వాడొచ్చే యాళ్లకు సంచులు దాచి, రేకును పొడిగుడ్డతోటి తుడిచిన. పైన సల్లగ, లోపల మసులుకుంట ఉంది. సైలెన్సర్ కాడ వేడి దాగదు, అది గూడ ముట్టి చూడాల్నని వానికి నేను చెప్పి ఉండలే. చెప్పింది సగం విద్యే.

వాడు సీదా పోయి బానెట్ మీద అరచెయ్యి పెట్టిండు. జర సేపు అట్లనే ఉంచిండు. నా దిక్కు తిరిగి, సల్లగుందన్నా, అని పరీక్ష పాసైనట్టు నవ్విండు. తాళం తిప్పిండు. ఒక్క సెల్ఫ్.

కండ్లు మూసుకొని తీస్కో అన్న.

పైసల కోసం అనుకునేవు. కమీషన్ ఒక్క రూపాయి ముట్టలే. పైసల కోసం చేసి ఉంటే ఆకలి అని చెప్పుకుందును. ఆ సంగతి విని మా అత్త మొదటిసారి నా కోసం కోడి కోసింది. తిన్న. మంచి రుచిగుండె.

తెల్లారి నుంచే వాని ఇంటి ముందట నూకుడు మొదలైంది. ఫోన్ జేస్తే, డీజిల్ బండి గట్లనే ఉంటది, జర నూకితే లేస్తది అన్న. మొదట్ల ఊరోళ్లు ఉరికొచ్చి నూకిండ్రు. తర్వాత వాని గల్లీ తప్పించి తిరిగిండ్రు. నూకుడు నర్సింలు అని పేరు పెట్టిండ్రు. పని లేకున్న పొద్దున ఆ దిక్కు బైకు తిప్పుతుంటి. ఎందుకంటే చూడనీకె. పెద్దల్లుని చేతులే వాసనొస్తయా, చిన్నల్లుని చేతులు గూడ చూడుండ్రి అని లోపల లోపల నవ్వుకుంటుంటి. గది నా సంబురం.

ఇప్పుడు అసలుది చెప్పాలె.

సుజాతకు అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. రెండుసార్లు ఊరంత చెప్పుకున్నంకనే పోయింది. అందుకని మూడోసారి నిలబడ్డప్పుడు, నాలుగో నెల పడెదంక ఎవరికి చెప్పనని ఒట్టు పెట్టుకుంది. మొగనికి గూడ చెప్పలే. వాని నోట్ల మాట దాగదు, వాళ్లమ్మకు తెలిస్తే ఊరికి తెలిసినట్టే. అక్కకొక్కదానికి చెప్పింది. పద్మ నాకు చెప్పింది, ఎవరితోటి అనకు అని.

ఆ పొద్దు నేను పోయే యాళ్లకు పికప్ వాలు మీద నిలబడి ఉంది. స్టీరింగు కాడ నర్సింలు. రోజు నూకే పక్కింటాయన లేడు. ఎనక సుజాత ఒక్కతే, కొంగు నడుముకు చెక్కుకొని. నన్ను చూసి ఆమె మొకం ఇప్పారింది. ఆ మొకమే నన్ను ఇడుస్తలేదు.

"మంచిగొచ్చినవు బావా, జర నువ్వు గూడ ఒక చెయ్యి ఎయ్యి," అన్నది.

నేను బైకు దిగలే. "చేతులు కడుక్కొని వచ్చిన మర్దలా. నువ్వే జర గట్టిగ నూకు," అన్న.

"నువ్వు చెప్పిన బండే గద," అని నవ్వి, భుజం పెట్టి నూకింది.

బండి లేచింది. నల్లపొగ ఆమె మీదికి కొట్టింది. నర్సింలు కిటికీల నుంచి నాకు చెయ్యి ఊపిండు. నేను గూడ ఊపిన.

నాలుగు దినాలకు ఆమెను దవాఖానల ఏసిండ్రు. కొన్ని నిలవవు, దేనివల్లనని చెప్పలేం అన్నది డాక్టరమ్మ. ఆ మాటను చాన రోజులు తలకింద పెట్టుకొని పండుకున్న. నూకుడు వల్లనే పోయిందా? ఏమో. కాకపోవచ్చు. కాకపోతే నేను చేసింది తక్కువైతదా? తెలిసి తెలిసి బైకు మీద కూసున్నోన్నే గద నేను, ఆ కడుపు నిలిచినా కూసున్నోన్నే గద. ఆ ఊర్ల ఆ పొద్దు ఆమె సంగతి తెలిసిన మొగోన్ని నేనొక్కన్నే.

దవాఖాన వరండాల నర్సింలు నా చేతులు పట్టుకొని ఏడ్చిండు. నాకు తెల్వదన్నా, తెలిస్తే నూకనిస్తునా అన్నడు. అక్కడికి ఆగలే. నువ్వు మంచి బండి ఇప్పిస్తివి, నేనే నడుపరాక ఖరాబు జేసిన, ఏమనుకోకు అన్నడు. నేనేమన్ననో తెలుసా? బండిని జర మంచిగ చూస్కోవాలె తమ్మీ, అన్న. వాడు తల ఊపిండు.

తర్వాత వాళ్లకు పిల్లలు కాలే. ప్రతి దసరాకు సుజాత నా పిల్లలకు బట్టలు తెస్తది. కొలతలు అడగదు, ఆమెకు తెలుసు. పద్మ నాకు చెప్పిందని సుజాతకు తెల్వదు. ఆ పొద్దు నేను ఆడున్ననని పద్మకు తెల్వదు, సుజాత ఆ ముచ్చట ఎన్నడు ఎత్తలే. రెండు తెలిసినోన్ని నేనే. వాళ్లిద్దరు పక్కపక్కన కూసొని మాట్లాడుతుంటే నాకు కూడు దిగదు. అట్లని లేచి చెప్పిన్నా అంటే, చెప్పలే.

మొన్న నర్సింలు మల్ల షెడ్డుకొచ్చిండు. ఆ పికప్ ఎప్పుడో తుక్కుకు పోయింది, ఇంకొకటి చూసిండంట. బానెట్ మీద చెయ్యి పెట్టి చూసిన, సల్లగనే ఉంది, అయినా నువ్వు సరే అంటేనే తీస్కుంట అన్నడు. నా నోట్ల నుంచి ఎట్లొచ్చిందో, బానెట్ ఒక్కటే చూస్తే కాదు, సైలెన్సర్ గూడ ముట్టి చూడాలె, రేకు అబద్ధమాడతది అన్న.

వాడు నా మొకం దిక్కు చూసిండు. అనుమానం కాదు, వానికి అది రాదు. అప్పుడు ఈ ముక్క చెప్పలేదేందన్నా, అన్నడు.

మర్శిపోయిన, అన్న.

పోనీలే అని నవ్వి, నా కోసం చాయ్ తేనీకె పోయిండు.

నేను మర్శిపోలే.