నవ్వు మొహం మీద వేలు

పదో తరగతి నేను తప్పలేదండి. తప్పాలంటే పరీక్షకి వెళ్ళాలి కదా. తొమ్మిదిలో సైన్సుకి నాకొచ్చిన మార్కులు నా చెప్పుల సైజు కంటే ఒకటి తక్కువ. ఆ కాగితం చూసి మా నాన్న, "పోన్లే, కాళ్ళైనా ఎదుగుతున్నాయి" అని బడి మాన్పించేశాడు. అలాంటి నన్ను తెచ్చి రాజమండ్రి పక్కన ఒక ఫార్మసీ కాలేజీలో ల్యాబు అటెండరుగా పడేశారు. పదహారేళ్ళయింది. కెమిస్ట్రీ ఎంతవరకు వచ్చిందంటే, దాని అంట్లు తోమడం వచ్చింది.

అంట్లు తోమేవాడంటే లోకువే గానీ, ఇంట్లో ఎవరేం తిన్నారో వాడికే తెలుస్తుంది. ల్యాబులోనూ అంతే. ప్రయోగం పదిసార్లు చేశామని రికార్డులో రాసుంటుంది. తొట్లోకి వచ్చిన బీకర్లు మూడు. మిగతా ఏడుసార్లు గాల్లో చేశారా, మనసులో చేశారా? మొదట్లో నాకిది భలే తమాషాగా ఉండేది. "ఏంటమ్మా, ఇవాళ ఉపవాసమా? అంట్లే పడలేదు" అని పిల్లల్ని ఏడిపించేవాణ్ణి. వాళ్ళు నవ్వేసి చేతిలో చాక్లెట్టు పెట్టేవారు. ఇప్పుడు ఆ చాక్లెట్లు తల్చుకుంటే నోరు చేదెక్కుతుంది.

నేను చెప్పబోయేది ఆయింట్‌మెంటు సంగతి. మా పెద్దసారు, అంటే పరిశోధనలన్నీ చేయించే ప్రొఫెసరు గారు, షుగరు పుళ్ళకి ఆకు మందు కనిపెడతానని బయల్దేరారు. ఏ ఆకంటారా? గడ్డి చేమంతి. కాలవ గట్టు మీద, కొబ్బరి తోటల్లో, ఎవరూ నాటకుండానే వచ్చే కలుపు. చిన్నప్పుడు కొడవలి తెగితే మా అమ్మ ఆ ఆకు నలిపి పసరు పిండేది. ఆ మాట నేనంటే సారు, "అది నాటువైద్యమయ్యా, ఇది సైన్సు" అన్నారు. సరే, సైన్సుకి ఒకే రకం ఆకు, ఒకే చోట పెరిగింది కావాలట. నన్ను కడియం పంపారు. అక్కడ నర్సరీ ఆయన నా మాట విని నన్ను ఎగాదిగా చూశాడు. "దీన్ని పీకడానికే మేం మనుషుల్ని పెట్టుకున్నామండి. మీరు పెంచమంటున్నారేంటి?"

పెంచారు. గోతాల్లో తెచ్చాం. స్పిరిట్లో నానబెట్టి, వడగట్టి, కాచి కాచి తారులాంటి ముద్ద చేశారు. దాన్ని ఊలు కొవ్వులో, అంటే గొర్రె బొచ్చు నుంచి తీసే జిడ్డులో కలిపారు. వానకి తడిసిన గొర్రె మీద పులిసిన పేడనీళ్ళు పోస్తే ఎలా కంపు కొడుతుందో, అలా ఉండేది మా ల్యాబు. గిన్నెలు మూడుసార్లు తోమినా ఆ జిడ్డు నా గోళ్ళలోనే. అన్నం కలుపుకుంటే అన్నానికి అంటేది.

ముందు ఎలుకల మీద చూశారు. ఎలుకలకి మర్యాద తెలీదు. నొప్పేస్తే చేతికి పన్ను దింపేవి. తర్వాత మనుషుల మీదకొచ్చారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా కాలేజీకి ఆనుకుని చిన్న ఆసుపత్రి ఉంది. మంగళవారం మంగళవారం షుగరు పుండు ఉన్నవాళ్ళు రావాలి. నేను కట్టు విప్పాలి. డాక్టరు గారు చూడాలి. పరిశోధన చేసే అమ్మాయి, ఎం.ఫార్మసీ చదువుతోంది, పుండు మీద పల్చటి ప్లాస్టిక్ షీటు వేసి పుండు అంచు వెంబడి పెన్నుతో గీత గియ్యాలి. గీత వారం వారం చిన్నదవుతుంటే పుండు మానుతున్నట్టు. ఆ తర్వాత నొప్పి లెక్క. దానికి ఒక అట్ట. దాని మీద వరసగా ఆరు మొహాలు. ఈ చివర నవ్వు మొహం, ఆ చివర కళ్ళనీళ్ళు కారుతున్న మొహం. "మీ నొప్పి ఏ మొహంలా ఉందో వేలు పెట్టి చూపించండి" అని అడగాలి.

మా గోదావరి వాళ్ళని అడగాల్సిన ప్రశ్నేనా అది? మా వైపు ఎవరింటికైనా కడుపు మాడుతూ వెళ్ళినా, "భోంచేశారా" అంటే "ఆయ్, అయ్యిందండి" అనే అంటాం. అడిగినవాళ్ళని ఇబ్బంది పెట్టకూడదు. చదువుకున్న మనిషి, తెల్ల కోటేసుకుని, అండీ అని పిలిచి, ఎలా ఉందండీ అని అడిగితే బాలేదని మొహం మీద చెప్పడానికి మాకు నోరు రాదు. పాలకొల్లు నుంచి ఒక పెద్దమనిషి వచ్చేవాడు. గోడ పట్టుకుని కుంటుకుంటూ లోపలికెళ్ళి, నవ్వు మొహం మీద వేలు పెట్టి, "తమరి దయండి, బ్రహ్మాండంగా ఉందండి" అనేవాడు. వరండాలోకి రాగానే బల్ల మీద కూలబడి, "ప్రాణం పోతోందిరా నాయనా, మంచినీళ్ళుంటే ఇటియ్యి" అనేవాడు.

మరి లోపల అలా చెప్పారేంటండీ అంటే, "ఆ అమ్మాయి అంత శ్రద్ధగా మందు చేసిందిగా. చిన్నబుచ్చుకోదూ?"

ఒకాయనైతే మూడో మొహం మీద వేలు పెట్టి, "ఇది అచ్చం మా బావమరిదేనండి" అన్నాడు. అమ్మాయి అలాగే రాసేసుకుంది, నొప్పి మధ్యస్తం అని.

ఇవన్నీ నేను టీ వేళకి క్యాంటీన్లో యాక్షన్ చేసి చూపించేవాణ్ణి. కుంటడం, వంగడం, "తమరి దయండి" అనడం. లెక్చరర్లు పొట్ట పట్టుకుని నవ్వేవారు. డాక్టరు గారు కూడా నవ్వారు ఒకసారి. ఒక్కళ్ళకీ అనిపించలేదు, అయితే మనం రాస్తున్నది అబద్ధం కదా అని. నాకు అనిపించింది. అనిపించినా ఇంకో టీ తాగాను.

ఒకావిడ మూడో మంగళవారం చేరింది. కడియంలో మొక్కల సంచుల్లో మట్టి నింపే పని. అరవైకి దగ్గర. కుడికాలి బొటనవేలి కింద రూపాయంత పుండు. ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పే మనిషి, నోట అబద్ధం రాదని పక్కింటావిడే చెప్పింది. పెద్ద వయసు ఆడవాళ్ళందర్నీ నేను అత్తా అంటాను, ఏడిపించడానికి. మిగతావాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. ఈవిడ మాత్రం మొదటిరోజే, "ఏరా అల్లుడూ, కాళ్ళు కడిగి కూర్చోబెట్టాల్సింది నేను. నా కాళ్ళు నువ్వు కడుగుతున్నావేంటి?" అంది. నాకు సరైన జోడీ దొరికిందనుకున్నాను.

డబ్బా మూత తీసి వాసన చూసి ఆవిడే అడిగింది. "దేంతో చేశార్రా దీన్ని?"

చెప్పాను.

"గడ్డి చేమంతా! పొద్దస్తమానం దాన్నే కదరా పీకి పారేస్తాను. ముందే తెలిస్తే పీకినప్పుడల్లా కాలికి రాసుకుందును."

లోపలికెళ్ళింది. ఎలా ఉందండీ అన్నారు డాక్టరు గారు. "దేవుడి దయవల్ల పర్లేదండి" అంది. వేలు నవ్వు మొహం మీద.

బయటికొచ్చి నాతో, "సలుపు తట్టుకోలేకపోతున్నాన్రా అల్లుడూ. మోకాలి దాకా లాగేస్తోంది" అంది.

నేనేమన్నానో రాస్తాను. రాయకపోతే మిగతావాళ్ళని తిట్టే హక్కు నాకుండదు. ఆ రోజు లోపల కట్టు విప్పినప్పుడు వాసనొచ్చింది. నేను ముక్కు మూసుకుని, "ఏంటత్తా, ఉప్పాడ చేపల పడవ దిగి తిన్నగా ఇటొచ్చేశావా?" అన్నాను. వరండాలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆవిడా నవ్వింది. పైటకొంగు తీసి కాలి మీద కప్పుకుంది.

తర్వాత రెండు వారాలు అదే మాట. లోపల పర్లేదండి, బయట సలుపురా అల్లుడూ. నేను ఏదో ఒకటి అనేవాణ్ణి, ఆవిడ నవ్వేది, ఆటో ఎక్కి వెళ్ళిపోయేది.

ఆరో వారం జనం ఎక్కువొచ్చారు. సారు ఏదో సెమినారుకి పేపరు పంపాలిట, గడువు దగ్గర పడింది. కట్లు విప్పడానికి నన్నెవరూ పిలవలేదు. మధ్యాహ్నం గది ఊడవడానికి వెళ్తే పాత కట్లు పడేసే ఎర్ర బుట్ట ఖాళీ. పొద్దుటి నుంచి ఇరవై మంది వచ్చి వెళ్ళారు, బుట్టలో దూది పింజ లేదు. బల్ల మీద మాత్రం కొత్త షీట్లు. వాటి మీద గీతలు, పోయినవారం గీతల కంటే ఒక్కో వరి గింజంత లోపలికి. అంత నున్నటి గీత కాలి మీద రాదు. బల్ల మీదే వస్తుంది.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

ఆ అమ్మాయి తలెత్తలేదు. "సారు వెయ్యమన్నారు బాబాయ్. అందరూ తగ్గిందనే అంటున్నారు కదా, కొంచెం తగ్గించి గియ్యమన్నారు. వచ్చేవారం సరిగ్గా చూద్దామన్నారు."

"అందరూ తగ్గిందనే అంటారమ్మా. నువ్వు చచ్చిపోయారా అని అడిగినా ఆయ్, మీ దయండి అంటారు."

అమ్మాయి ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. చీపురు తీసుకుని బయటికొచ్చేశాను. నాకిప్పటికీ రోత పుట్టించేది ఆ గీతలు కావు, ఆ నవ్వు. ఒక మాట కోసం నోరు తెరిచి, దాన్ని జోకు చేసి మళ్ళీ నోట్లోనే మింగేశాను. పుండులో ఆయింట్‌మెంటు నింపి పైన తెల్ల గుడ్డ చుట్టినట్టు.

ఏడో వారం ఆవిడ చెప్పు లేకుండా వచ్చింది. కాలికి పాలిథిన్ కవరు, మొక్కల సంచే, నల్లటిది, తాడేసి కట్టుకుంది. ఈగలు. వరండాలో పక్కన కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి అవతలికి జరిగారు. లోపలికెళ్ళి రెండు నిమిషాల్లో వచ్చేసింది. కట్టు విప్పలేదు. ఎలా ఉందన్నారు, పర్లేదంది, వేలు పెట్టింది, అయిపోయింది.

బల్ల మీద కూర్చుని నాతో ఏమీ అనలేదు. అదే నన్ను భయపెట్టింది. ఒళ్ళు ముట్టుకుంటే పెనంలా కాలుతోంది. కింద కూర్చుని కవరు విప్పాను. కట్టు ఊడి రాలేదు, నీళ్ళు పోసి తీశాను. బొటనవేలు, పక్క వేలు నల్లగా, బొగ్గులా. పాదం మీద చర్మం చితికిన టమాటాలా కదులుతోంది. నా మొహం చూసి ఆవిడే అడిగింది, "ఏరా, జోకు దొరకలేదా?"

నేను అరిచాను. పదహారేళ్ళలో ఆ కాలేజీలో నేను అరిచింది అదొక్కసారే. డాక్టరు గారు బయటికొచ్చారు. కాలు చూశారు, అమ్మాయి వంక చూశారు, ఆ అమ్మాయి చేతిలో అట్ట వంక చూశారు. అమ్మాయి అక్కడే ఏడ్చేసింది. ఆటోలో పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. అక్కడి సర్జను చూసి ఒక్కటే అడిగాడు. "పోయిన వారం ఎవరూ చూడలేదా దీన్ని?"

చూశామండీ, పోయినవారం వరిగింజంత తగ్గింది, షీటు కూడా ఉంది అనాలి నిజానికి.  వేళ్ళతో సహా పాదం సగం తీసేశారు. వారం ముందొస్తే రెండు వేళ్ళతో పోయేదట.

తిరిగొచ్చాక సారు గదికి వెళ్ళి జరిగింది చెప్పాను. శ్రద్ధగానే విన్నారు. పాపం అన్నారు. తర్వాత అమ్మాయిని పిలిచి, "ఆవిణ్ణి డ్రాపవుట్ కింద రాసెయ్యమ్మా" అన్నారు. అంటే మధ్యలో మానేసినవాళ్ళట. లెక్కలోకి రారట.

"మానేసింది ఆవిడ కాదండి, పాదం" అన్నాను.

"నీకు తెలీదయ్యా, ఊరుకో" అన్నారు. కోపంగా కూడా అనలేదు. చల్లగా, టీలో పంచదార చాలు అన్నట్టు.

సెమినారు మా కాలేజీలోనే జరిగింది. హాలు నిండా జనం, వచ్చినవాళ్ళకి పూలకుండీలు బహుమతి. తెర మీద ఆ గీతలే వేశారు, ఒకదాని లోపల ఒకటి, చక్కగా చిన్నవవుతూ. నేను పళ్ళెంలో సమోసాలు పట్టుకుని వరసల మధ్య తిరుగుతున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. సమోసా నూనె వాసన, నా గోళ్ళలో ఊలు కొవ్వు వాసన, ఎర్ర బుట్ట వాసన, మూడూ కలిసిపోయాయి. పళ్ళెం కిటికీలో పెట్టి వెనక కుళాయి దగ్గరికెళ్ళి కక్కాను. నోరు కడుక్కుని మళ్ళీ పళ్ళెం తీసుకున్నాను. ఉద్యోగం మానేశానని రాస్తే బాగుండేది. మానలేదు.

నెల తర్వాత కడియం వెళ్ళాను, ఆవిణ్ణి చూడ్డానికి. నర్సరీలోనే ఉంది, షెడ్డు కింద స్టూలు మీద, కట్టు కాలు ఇంకో స్టూలు మీద పెట్టుకుని సంచుల్లో మట్టి నింపుతోంది. నన్ను చూసి, "రారా అల్లుడూ" అంది, ఏమీ జరగనట్టు. టీ తెప్పించింది. నేను కాసేపు ఏవేవో మాట్లాడి, ఉండబట్టలేక అడిగేశాను.

"అత్తా, అంత బాధ పెట్టుకుని వాళ్ళకి పర్లేదని ఎందుకు చెప్పావ్? ఒక్కసారి ఆ ఏడుపు మొహం మీద వేలు పెడితే ఏం పోయేది?"

ఆవిడ సంచిలో మట్టి బొటనవేలితో అదిమి, పక్కన పెట్టి, నా వంక చూసింది.

"వాళ్ళు మర్యాదకి అడిగారు, నేను మర్యాదకి చెప్పాను. నిజం నీకు చెప్పాను కదరా, ప్రతి మంగళారం. నువ్వేం చేశావ్?"