మూడుసార్లు వడగట్టిన నీళ్లు

మా నాయినకు ఎడమ పాదం కింద పుండు లేచిన ఏడు నేను నల్గొండలో పరిశోధన చేస్తున్నాను. పుండ్లను చీము పట్టించే స్టాఫైలోకాకస్ అనే బాక్టీరియా మీద నా పని. అందులో ఏ మందుకూ లొంగని మొండి రకాలున్నాయి. వాటిని వెతికి చంపే వైరస్‌లూ ఉన్నాయి, ఫేజ్‌లంటారు. మురుగునీళ్లలో బోలెడు. సీసాలు పట్టుకుని ఊళ్లోని మోరీల వెంట తిరగడమే నా చదువు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని పెద్దలు ఊరికే అనలేదు.

మా ఊరు కోస్గిలో ఉండే నాయినకు షుగరు. ఆరు నెలలైనా పుండు మానలేదు. దవాఖానలో మార్చి మార్చి ఇచ్చిన మందులేవీ పనిచేయలేదు. ఇంకో నెల చూసి పాదం తీసేద్దామన్నాడు డాక్టరు. చేనులో నడిచి బతికే మనిషికి పాదం లేకపోతే ఏం మిగులుతుంది? నాకు ఒళ్లు మండింది. ఆ ఆదివారం ఇంటికి పోయి, పుండులోని చీమును దూదిపుల్లకు అద్ది ల్యాబుకు తెచ్చాను.

అందులోని బాక్టీరియాను గాజు ప్లేటులో పెంచి, దాని మీద ఫేజ్‌లను వదిలాను. కొన్నాళ్లకు ప్లేటు తీసి చూస్తే, పాల మీద మీగడలా పరుచుకున్న బాక్టీరియా నడుమ తేటగా చిల్లులు. నేను పట్టిన ఫేజ్ దాన్ని తినేసింది. సంతోషంతో అక్కడే కూర్చుని ఏడ్చాను. వెంటనే నాయినకు ఫోన్ చేశాను. నా నోటి దూల.

"నాయినా, నీ పుండుల పురుగును తినే పురుగు దొరికింది."

"యాడ దొరికింది బిడ్డా?"

"మోరి నీళ్లల్ల."

నాయిన నవ్వాడు. "గా మురికి తెచ్చి నా కాలుకు పోస్తవా?"

"మురికేం ఉండది. మూడుసార్లు వడగడితే తేటగైతయి."

ఎంత తేలిగ్గా అనేశాను! మా ల్యాబులో వడగట్టే జల్లెడ రంధ్రాలు కంటికి కనిపించవని, దానికి ముందూ వెనకా బోలెడు పని ఉందని చెప్పలేదు. చెప్పినా ఆయనకేం తెలుస్తుందిలే అనుకున్నాను. పొగరు, ఇంకేమీ కాదు.

మర్నాడు మా సారు దగ్గరకు పోయి, ఆ ఫేజ్ నాయినకు వాడదామన్నాను.

"అది ప్లేటు మీద పనిచేసిందమ్మా, మనిషి మీద కాదు. శుద్ధి చేయాలి, పరీక్షలు చేయాలి, అనుమతులు రావాలి. ఒక్క చుక్క కూడా ఈ గది దాటొద్దు" అన్నాడాయన.

బతిమాలాను, గొడవపడ్డాను. ఆయన చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు, నా ఏడుపంతా అదే. మందు ఫ్రిజ్‌లో ఉంది, నేను ఫ్రిజ్ ముందు ఉన్నాను, నాయిన పాదం కోస్గిలో కుళ్లిపోతోంది.

"ఇయ్యరాదంట నాయినా. ఏండ్లు పడ్తదంట" అని ఫోన్‌లో చెప్పాను.

"అట్లనా. నువ్వు ఫికర్ వెట్టుకోకు బిడ్డా" అన్నాడు. నన్ను ఓదారుస్తున్నాడనుకున్నాను.

పది రోజులకు మహబూబ్‌నగర్ దవాఖాన నుంచి అమ్మ ఫోన్ చేసింది. "మీ నాయినకు కాలు తొడ దాకా ఉబ్బింది. జ్వరంల కలవరిస్తాండు."

"పుండుకు ఏం పెట్టిండ్రమ్మా?"

"ఏం పెట్టలే. ఇంటి ముందటి మోరి నీళ్లే పొద్దుమాపు పోసినం. కొత్త తువ్వాలతోని మూడుసార్లు వడగట్టే పోసిన బిడ్డా. నువ్వే చెప్తివి గదా."

బస్సులు మారి నేను చేరేసరికి అమ్మ వేలిముద్ర తీసుకుని నాయినను లోపలికి తీసుకుపోయారు. పాదంతో ఆగలేదు, మోకాలి పైదాకా తీసేశారు.

రెండో రోజు కట్టు చూడడానికి డాక్టరు వచ్చాడు. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను.

"మోరి నీళ్లు పొయ్యమని నీకెవరు చెప్పిండ్రు పెద్దాయనా?" అని అడిగాడు.

నాయిన నా వైపు చూడలేదు. "ఎవ్వలు చెప్పలే సారూ. మా తాతల కాడి నుంచి ఉన్న మందే."

డాక్టరు నా వైపు తిరిగాడు. "వాళ్లంటే చదువుకోలే. చదువుకున్నదానివి, నువ్వన్నా చెప్పాలె గదమ్మా?"

"చెప్పాల్సింది సార్" అన్నాను.