గజ్జెలకొండలో ఆగిన సిపాయి

బరువులో నన్ను మించిన నవలా రచయిత ఈ దేశంలో పుట్టలేదని ఎవరితోనైనా పందెం కాస్తాను. నా ప్రతిభ సంగతి కాదు, నవల సంగతి చెబుతున్నాను. దాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి కదిలించాలంటే బండీ ఎడ్లూ కావాలి. ఎందుకంటే దాన్ని పలకల మీద రాశాను.

యుద్ధం రోజులవి. కాగితం కరువు. మా మార్కాపురంలో పెళ్లి శుభలేఖలు ముందు అరచేయంత అయ్యాయి, తర్వాత తమలపాకంత అయ్యాయి, చివరికి నోటిమాటగా మిగిలాయి. కచేరీలో పాత దస్తావేజుల వెనకవైపు కొత్త దస్తావేజులు రాసేవారు. ముందువైపు అన్నదమ్ములు పొలం పంచుకుంటే వెనకవైపు ఇంకెవరిదో గొర్రెల మంద తప్పిపోయేది. ఏ వైపు చదివి తీర్పు చెప్పారో ఆ దేవుడికే ఎరుక.

అంతకుముందు కాగితం దొరికిన కాలంలో నేను రాసిన ప్రేమ నవలలు వరసగా మద్రాసు వెళ్లాయి, వరసగా క్షేమంగా తిరిగి వచ్చాయి. పోస్టుమాస్టరు ఆ కట్టను నా చేతిలో పెడుతూ, "మీ పిల్ల మళ్లీ పుట్టింటికొచ్చింది సార్" అనేవాడు. మా నాయన మటుకు, "వాడు రాసేదానికన్నా తపాలా బిళ్లకే విలువెక్కువ" అని ఊరంతా వినేటట్టు గొణిగేవాడు.

కాగితం కరువైతే ఆగిపోవడానికి నేను మామూలు మనిషినా? పలకల కొట్టంలో గుమాస్తాని. గని నుంచి వచ్చిన రాతిని పలుచగా చీల్చి, రుద్ది, చెక్క చట్రాలు బిగించి దేశదేశాల బడులకు పంపే కొట్టం అది. మూల విరిగినవీ, చార పడినవీ ఒక గోడవారన గుట్టగా పడి ఉండేవి. ఆ గుట్టే నా కాగితం మిల్లు. మూడో అధ్యాయం పూర్తయ్యేసరికి ఆ గోడ బయటికి ఒరిగింది.

ఆ కాలంలో మద్రాసు ప్రచురణకర్తలకు యుద్ధమూ ప్రేమా కలిపిన సరుకే కావాలి. నేనూ అదే తయారుచేశాను. నాయకుడు బర్మాలో సిపాయి, నాయిక సైన్యపు ఆస్పత్రిలో నర్సు. నేను బర్మా చూడలేదు. గిద్దలూరు దాటాక వచ్చే నల్లమలనే తీసుకెళ్లి బర్మాలో నాటాను. సముద్రమూ చూడలేదు. కంభం చెరువులో కాస్త ఉప్పు కలిపి సరిపెట్టాను. తుపాకి మోత తెలియదు. గనిలో రాయి పేల్చినప్పుడు విన్న చప్పుడును వెయ్యితో హెచ్చవేశాను.

మధ్యాహ్నం సద్దిమూటలు విప్పుకునే వేళ పలకలు రుద్దే ఆడవాళ్లు నా చుట్టూ చేరేవారు. నేను గొంతు సవరించుకుని చదివేవాణ్ణి. వాళ్లలో ఒక పెద్దమ్మ ఉండేది. ముసలిది. మా కథ మీద ఆమెదే పెత్తనం.

"ఏంది నాయనా, ఆ నర్సుపిల్ల ఊరికే ఏడుస్తా ఉంటది? కట్లు కట్టేదెవరు మరి?"

"ప్రేమ పెద్దమ్మా, ప్రేమ."

"నేనూ చేసినా కాపరం. ఇన్ని కన్నీళ్లు ఉల్లిగడ్డలకు గూడ రాలే."

పెద్దమ్మ పక్కన ఎప్పుడూ ఒకామె కూర్చునేది. తర్లుపాడు వైపు పల్లె నుంచి వచ్చేది, క్రైస్తవుల ఇంటి కోడలు. నన్ను అన్నా అనేది. ఆమె మొగుడు మా గనిలోనే రాయి కొట్టి, తర్వాత పట్టాళంలో చేరి బర్మా వెళ్లాడు. ఆమె నన్ను అన్నా అంటే అతను నాకు బావే కదా. బావా అనే పిలిచేవాణ్ణి. మిగతావాళ్లకు అతను మామ, చిన్నాయన, అల్లుడు. సర్కారు నుంచి ఒకే ఒక్క కబురు వచ్చింది. మనిషి కానరావడం లేదని. ఆ తర్వాత ఏ కబురూ లేదు.

ఆమె పలక రాతను కూడబలుక్కుని చదవగలిగేది. మిషన్ బడిలో నేర్చుకుంది. నా నవల్లో ఒక అధ్యాయం పాత శుభలేఖల వెనకా, పార్సిలు కాగితాల మీదా ఎక్కించుకోగానే ఆ పలకలను తడిగుడ్డతో తుడిచి మళ్లీ నాకిచ్చేది ఆమే. అయితే నాది బండ చెయ్యి. బలపం ఒత్తి రాస్తే రాతి మీద గీత పడిపోతుంది. తడిపినప్పుడు మాయమైనట్టే ఉంటుంది, తడి ఆరగానే అక్షరం మళ్లీ పైకి తేలుతుంది. "నీ కత చావదన్నా" అని ఆమె నవ్వేది.

నా నాయకుడికి చాలాకాలం పేరు లేదు. యువకుడు, సిపాయి, అతడు అంటూ నడిపించాను. అప్పట్లో అదొక ఫ్యాషను. చివరికి గాయపడి ఆస్పత్రిలో కళ్లు తెరిచిన ఘట్టంలో నర్సు అడుగుతుంది, మీ పేరేమిటని. అతడు చెబుతాడు. ఆ పేరు ఎక్కడి నుంచి తెచ్చానో నాకే తెలియదు. బలపం చివరన వచ్చి కూర్చుంది, రాశాను. ఆ మధ్యాహ్నం ఆ పేరును సాధ్యమైనంత గంభీరంగా చదివాను.

కొట్టంలో రుద్దుడు రాళ్లన్నీ ఒక్కసారి ఆగాయి. పెద్దమ్మ నోట్లోని సంగటి ముద్ద నోట్లోనే ఉండిపోయింది. పక్కనున్న తర్లుపాడు ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుని లేచి బయటికి పోయింది. నా కళాశక్తి ఇంతదా అని నేను పొంగిపోతుండగా, తిరిగి వచ్చి నా ఎదుట నిలబడింది.

"అన్నా, ఆయన ఇప్పుడు యాడుండాడు?"

"బర్మాలో, పెద్ద నది ఒడ్డున" అన్నాను, రచయిత హోదాలో.

"దెబ్బ యాడ తగిలింది?"

"ఎడమ కాలికి. తూటా ఈ పక్క దూరి ఆ పక్క వచ్చింది. ఎముకకు తగల్లేదు."

"అన్నం తింటాండా?"

అడగడమే తడవు నాలో ఉన్నదంతా పొంగింది. ఏనుగంత గిన్నెల్లో బియ్యం ఉడుకుతుందన్నాను, కంభం చెరువు చేపలంత చేపలు అక్కడ పిల్లకాలవల్లోనే దొరుకుతాయన్నాను, రోజూ పూటకొక కోడి అన్నాను. ఆమె ప్రతి మాటకూ తల ఊపింది. "పచ్చిమిరపకాయ లేకుంటే ముద్ద దిగదు ఆయనకు" అని మెల్లగా అంది. ఏమీ అర్థంకాక, "మిరపకాయలు కూడా ఉన్నాయి" అన్నాను.

ఆమె వెళ్లాక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నీ నోరు పడిపోను, ఆ పేరు యాడ పట్టుకొచ్చినావు నాయనా? అది ఆ పిల్ల మొగుని పేరు."

రోజూ బావా అని పిలిచిన మనిషి పేరు నాకు తెలియదు. ఎవరి నోటా వినలేదు, గని కూలీల చిట్టా నా చేతికి వచ్చేదీ కాదు. ఎలా వింటాను? మా వైపు మగవాడి పేరు వరసల కింద పూడిపోయి ఉంటుంది, పెళ్లామైతే అసలే పలకదు. పలికితే ఆయన ఆయుస్సు తరిగిపోతుందని భయం. ఆదివారం ప్రార్థనలో పాస్టరయ్య యుద్ధానికి పోయినవాళ్ల పేర్లు అడిగితే తల్లులు కొడుకుల పేర్లు చెప్పేవారట. ఈమె మాత్రం లేచి, "మా ఇంటాయన" అని కూర్చునేదట. దేవుడికి ఆ మాత్రం తెలియదా అని ఆమె ధీమా.

"మరి నువ్వు మీ ఆయనను పేరుపెట్టి రోజూ తిడుతూనే ఉంటావే?" అన్నాను పెద్దమ్మతో.

"ఆయన పోయినాడు గదా. బతికుండంగ ఒక్కనాడు అనలే. పోయినాక ఇంకేం తరుగుతాది? పొద్దన్నుంచి తిట్టుకుంటా."

మర్నాడు తర్లుపాడు ఆమెకు వివరంగా చెప్పబోయాను. కథ వేరు, మనిషి వేరు, పేరు కాకతాళీయంగా కలిసింది అని. ఆమె చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూసింది.

"కతేనన్నా. అంత తెలియందాన్నా? అయినా ఎట్లుండాడో చెప్పేవాళ్లు ఇంకెవురుండారు నాకు? చెప్పు."

ఆనాటి నుంచి ఆ పేరు ఉన్న పలకను ఆమె తుడవలేదు. నాయకుడన్నాక పేరు ప్రతి పలకలోనూ వస్తుంది కదా. పలకలు గోడవారన నిలబడ్డాయి, వాటి మీద మరికొన్ని, వాటి పక్కన మరికొన్ని. సాయంత్రం కొట్టం తలుపు మూసేటప్పుడు ఆ చీకటి మూల నుంచి ఒకే పేరు వరసలు కట్టి నా వైపు చూసేది. నేను భయస్థుణ్ణి కాదు. అయినా తాళం వేశాక వెనక్కి తిరిగి చూడకుండా నడిచేవాణ్ణి.

అప్పుడే మద్రాసు నుంచి జాబు. నా జీవితంలో మొదటిసారి ఒక ప్రచురణకర్త నా నవల కావాలన్నాడు. నేను పంపిన అధ్యాయాలు నచ్చాయట, కాగితం సంపాదించాడట. ఒక్కటే షరతు. సిపాయి చావాలి. ప్రాణాలతో తిరిగి వచ్చిన సిపాయిని ఎవరు కొంటారండీ, నర్సు ఏడవాలి, పాఠకుడు ఏడవాలి, అప్పుడే పుస్తకం కదులుతుంది అని రాశాడు.

జాబు మడిచి జేబులో పెట్టుకుని తిరిగాను. ఇన్నేళ్లు పుట్టింటికి తిరిగి వచ్చిన పిల్లలకు తండ్రిని. ఒక్కదానికైనా అత్తిల్లు దొరికింది. ఇటు చూస్తే, ఆ సిపాయి మీద నేను చెయ్యి వేస్తే కూలిపోయేది కాగితం మనిషి కాదు.

పెద్దమ్మ చిటికెలో తేల్చేసింది. "దాన్దేముంది, పేరు మార్చు. ఇంకో పేరుగల్లోన్ని సంపుకో పో."

భలే ఉపాయం అనిపించింది. కాగితాల మీద పేరు కొట్టేసి కొత్త పేరు పెట్టాను. కొత్త అధ్యాయం పలకల మీద కొత్త పేరుతోనే రాసి, ఏమీ ఎరగనట్టు మధ్యాహ్నం చదివాను. తర్లుపాడు ఆమె కాసేపు విన్నది. తర్వాత చేతిలో రాయి కింద పెట్టింది.

"అన్నా, ఈయన ఎవురు?"

"సిపాయే అమ్మా. పేరు మార్చాను, అంతే."

"మరి ఆయన యాడికి పోయినాడు?"

నేను పలకల అంచులు సర్దసాగాను.

"సర్కారోళ్ల లెక్కలో కానరాకుండ పోయినాడు. నీ కతలో గూడ కానరాకుండ పోయినాడా?"

కోపంగా అనలేదు. అన్నం వేడిగా ఉందా అని అడిగినంత మామూలుగా అడిగింది. అందుకే ఇంకా వినపడుతూ ఉంటుంది.

దాంతో నేను రెండు నవలలు రాయవలసి వచ్చింది. కాగితాల మీద కొత్త పేరువాడు నది ఒడ్డున, నర్సు ఒడిలో, మూడు పేజీల ఉపన్యాసం ఇచ్చి మరీ చచ్చిపోయాడు. అంత గుండె బలం ఉన్నవాడు అసలు ఎందుకు చచ్చాడో నాకే తెలియదు. పలకల మీద పాత పేరువాడు బతికాడు. కర్ర ఊతంతో లేచాడు, నది దాటాడు, అడవి దాటాడు. పలకల సిపాయికి నర్సు కూడా లేదు. ఆమెను ఎప్పుడో బదిలీ చేశాను. రోజూ మధ్యాహ్నం ఒకటే ప్రశ్న.

"యాడిదాకా వచ్చినాడన్నా?"

యుద్ధం ముగిసింది. నా పుస్తకం అచ్చయింది. గిద్దలూరులో ఒక దుకాణంలో బెల్లం కొంటే పొట్లం నా పన్నెండో ప్రకరణం. నా సిపాయి వీరమరణానికి చీమలు పట్టాయి. నాకు తెలిసి ఆ ఘట్టాన్ని అంత ఆసక్తిగా ఆస్వాదించినవి అవే.

పట్టాళం నుంచి మనుషులు రైళ్లలో తిరిగి రావడం మొదలైంది. మార్కాపురం రోడ్డు స్టేషనులో ట్రంకు పెట్టెలతో దిగేవారు. కంభానికి ఇద్దరు వచ్చారు, చంద్రశేఖరపురం వైపు ఒకడు వచ్చాడు. బావ రాలేదు. నా పలకల మీది బావ మాత్రం ఆగకుండా వస్తున్నాడు. కలకత్తా చేరాడు. బెజవాడలో బండి మారాడు. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ. ఎంత నెమ్మదిగా నడిపినా రైలు రైలే కదా. ఒక్కో స్టేషనులో టీ తాగించాను, ఇంజనుకు నీళ్లు పట్టించాను, వంతెన మీద ఎద్దును అడ్డం నిలబెట్టాను. దొనకొండ కూడా దాటిపోయింది. ఇక గజ్జెలకొండ. దాని తర్వాత మా స్టేషనే.

గజ్జెలకొండలో బండి ఆపేశాను. ఇంజను చెడిందన్నాను. మర్నాడు బొగ్గు లేదన్నాను. ఆ మర్నాడు గార్డుకు జ్వరం అన్నాను. ఆమె వింటూ పలక రుద్దేది. వారం గడిచాక కాబోలు, బండి ఇంకా కదల్లేదని చదువుతుంటే అడ్డు తగిలింది.

"అన్నా, గజ్జెలకొండ నుంచి ఎంత దూరం?"

"ఎంతో లేదమ్మా."

"మరి దిగి నడిచి రాడా? ఆయన ఇంటికి రాను బండి కోసరం కూర్చునే మనిషి కాదు. రేతిరికి రేతిరి నడిచొస్తాడు."

నా నోట అబద్ధానికి ఎన్నడూ కరువు లేదు. వాగు పొంగిందనవచ్చు. కాలు నొప్పి అనవచ్చు. ఆ ఎండలో, ఆ కొట్టంలో, ఒక్కటి దొరకలేదు. చేతిలో పలక వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆమె నా ముఖం చూసింది. తర్వాత లేచి ముంత నీళ్లు తెచ్చుకుంది. గోడవారకు పోయి, మొదటి పలకను, ఆస్పత్రిలో నర్సు పేరడిగిన పలకను, ఒడిలో పెట్టుకుంది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ ఆ పేరు చదివింది. పైకి చదివింది. ఒకసారి మెల్లగా, ఇంకోసారి బయట ఉన్నవాడికి వినపడేటంత గట్టిగా, వాకిట్లో నిలబడి అన్నానికి పిలిచినట్టు.

పెద్దమ్మ వెళ్లి ఆమెను పట్టుకుంది. ఆమె ఏడవలేదు. తడిగుడ్డతో తుడిచింది. పేరు పోయింది. ఎండ వేడికి పలక ఆరింది, పేరు మళ్లీ వచ్చింది. మళ్లీ తుడిచింది. సాయంత్రం దాకా గుట్టంతా తుడుస్తూనే ఉంది.

"ఇయ్యి పెట్టెలో ఏసెయ్యన్నా. మూల ఇరిగితే ఏం, పిల్లోళ్లకు పనికొస్తాయి" అంది. మరునాటి నుంచి తెల్లచీరలో పనికి వచ్చింది. కథ అడగలేదు. నేనూ చదవలేదు.

ఆ పలకలు చట్రాలు బిగించుకుని ఏయే ఊళ్ల బడులకు వెళ్లాయో తెలియదు. ఆ తర్వాత నేను నవ్వించే రాతలే రాశాను, వాటిలో ఎవరికీ ఆ పేరు పెట్టలేదు. ఇక్కడ కూడా రాయను. ఆ లైను మీద ప్రయాణం చేసినప్పుడల్లా గజ్జెలకొండ వస్తుందనగా కిటికీ మూసేస్తాను. పక్కవాళ్లు దుమ్మనుకుంటారు. బండి అక్కడ ఒక్క నిమిషమే ఆగుతుంది. ఆ నిమిషంలో ప్లాట్‌ఫారం మీద కర్ర చప్పుడు లాంటిదేదో నా రైలుపెట్టె దాకా వచ్చి, ఎక్కకుండా, నిలబడిపోతుంది.